సూళ్ళూరుపేట నుంచి మద్రాసుకి లోకల్ బండిలో పోయి రావడం ఎట్టా

పోయే బండి ఏదని అడగబాకండి, తిరిగొచ్చే బండి ఏదని అడగండి. సూళ్ళూరుపేటలోనో తడలోనో మద్రాసు లోకల్ ఎక్కబోయే వాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే. పొద్దున పూట ఒక బండి తప్పిపోయినా ఎక్స్‌ప్రెస్సో బస్సో ఏదో ఒకటి దొరుకుతాది, పొయ్యేది పోతారు. మాపటేల పనులన్నీ ముగించుకోని, రెండు చేతుల్లో సంచులు మోసుకుంటా సెంట్రల్ పక్కన లోకల్ బండ్లు ఆగే మూర్ మార్కెట్ స్టేషన్‌కి వచ్చినాక తెలుస్తాది అసలు కథ, బోర్డు మీద గుమ్మిడిపూండి గుమ్మిడిపూండి అని వరసగా బండ్లు కనపడతాయి గానీ సూళ్ళూరుపేట అని ఒక్కటి కూడా ఉండదు. నేను నాలుగేళ్ళు సీజన్ టికెట్ మీద ఈ లైన్లో తిరిగినోణ్ణి, ఇప్పటికీ నెలకి రెండు మూడు సార్లు పోతా ఉంటా, మొన్న నాయుడుపేట నుంచి మా చిన్నమ్మ వాళ్ళు ఫోన్ చేసి గంటసేపు అడిగితే ఇదంతా ఒకసారి రాసి పెడితే పోలా అనిపించింది.

ముందు లైన్ ఎట్టా ఉంటాదో రొంత తెలియాల. చెన్నై సెంట్రల్‌కి ఆనుకోని ఉండే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి సూళ్ళూరుపేటకి సుమారు 83 కిలోమీటర్లు. అందులో గుమ్మిడిపూండి దాకా ఉండే 48 కిలోమీటర్లు అసలైన సబర్బన్, 1979లోనే ఆడికి కరెంటు లైన్ వచ్చేసింది, అక్కడి దాకా బండ్లు పొద్దున్నించి రాత్రి దాకా వస్తానే ఉంటాయి. గుమ్మిడిపూండి దాటినాక ఎలావూరు, ఆరంబాకం, ఆ తర్వాత మన వైపు తడ, అక్కంపేట, సూళ్ళూరుపేట. ఈ ముక్కకి మాత్రం రోజుకి వచ్చే లోకల్ బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, మధ్యలో గంటలు గంటలు ఖాళీ. కాబట్టి దీన్ని ఒకే లైన్ అనుకోబాకండి, గుమ్మిడిపూండి దగ్గర ముడేసిన రెండు లైన్లు అనుకోండి, మీ ప్లాన్ అంతా ఆ ముడి దగ్గరే తేలుతాది.

టైం విషయానికొస్తే సూళ్ళూరుపేట నుంచి మూర్ మార్కెట్‌కి రెండు గంటలు, రెండుంపావు వేసుకోండి, అది బండి ఎక్కడా ఆగకపోతే. ఆగుతాది. అత్తిపట్టు నుంచి మన వైపుకి ఉండేది రెండే లైన్లు, పోయేదొకటి వచ్చేదొకటి, వాటి మీదే విజయవాడ వైపు ఎక్స్‌ప్రెస్సులన్నీ, ఎన్నూరు పోర్టుకీ థర్మల్ స్టేషన్లకీ పోయే బొగ్గు బండ్లన్నీ పోవాల, ఇక మన లోకల్‌ని లూప్‌లో, అంటే పక్కన ఉండే అదనపు పట్టా మీద పెట్టి ఎక్స్‌ప్రెస్‌ని వదలడం రోజూ ఉండేదే. ఆసుపత్రి అపాయింట్‌మెంటో ఇంటర్వ్యూనో ఉంటే ముప్పావు గంట చేతిలో పెట్టుకోని బయల్దేరండి, నేనైతే గంట పెట్టుకుంటా.

టైంటేబుల్ ఎక్కడ చూడాలంటే ఏ రైలు యాప్‌లో అయినా చూడొచ్చు గానీ ఒక తికమక ఉంది. చెన్నై సెంట్రల్ అని కొడితే ఎక్స్‌ప్రెస్ బండ్లే వస్తాయి, లోకల్ బండ్లు రావు, ఎందుకంటే లోకల్ బండ్ల స్టేషన్‌కి రైల్వే వాళ్ళ కోడ్ వేరే, సెంట్రల్‌ది ఎమ్మేయెస్, మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌ది ఎమ్మెమ్‌సీసీ. సూళ్ళూరుపేట కోడ్ ఎస్‌పీఈ, గుమ్మిడిపూండిది జీపీడీ. మా చిన్నాన్న ఇట్టాగే సెంట్రల్ అని వెతికి 'మధ్యాహ్నం ఒక్క లోకల్ కూడా లేదంట' అని బస్సుకి పొయ్యాడు ఒకసారి, బండి ఏమో ఆయన బస్సెక్కిన పది నిమిషాలకి వచ్చింది.

రెండు సార్లు వెతకండి. మొదట మూర్ మార్కెట్ నుంచి సూళ్ళూరుపేటకి సాయంత్రం ఏ బండ్లు ఉన్నాయో చూసి, వాటిలో ఆఖరిది, దానికి ముందుది ఈ రెండిటి టైం కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో కాదు, సాయంత్రానికి ఫోన్ చార్జింగ్ ఉండదు. ఆఖరి బండిని నమ్ముకోని పని పెట్టుకోబాకండి, దాని ముందు బండికి వచ్చేటట్టు పెట్టుకుంటే ఆఖరిది స్పేర్‌గా ఉంటాది. ఆ తర్వాతే పోయే బండి సంగతి చూసుకోండి. ఆదివారాలు, జాతీయ సెలవు రోజుల్లో బండ్లు తగ్గిస్తారు, మామూలు రోజు టైంటేబుల్ చూసుకోని ఆదివారం స్టేషన్‌కొస్తే బెంచీ మీద కూర్చోని పావురాల్ని చూసుకుంటా ఉండాల్సిందే.

ఇంకా పెద్ద ఇబ్బంది లైన్ బ్లాకులు. పొన్నేరి, కవరపేట, గుమ్మిడిపూండి ఆ చుట్టుపక్కల ఏదో ఒక ఇంజనీరింగ్ పని ఉంటానే ఉంటాది, ఆ రోజుల్లో మధ్యాహ్నం బండ్లు కొన్ని పూర్తిగా తీసేస్తారు, కొన్నిటిని మీంజూరులోనో ఎన్నూరులోనో ఆపేసి ఆడ్నించే వెనక్కి తిప్పుతారు. ఈ వార్త మన తెలుగు పేపర్లలో దొరకడం కష్టం, ఎందుకంటే మన స్టేషన్ ఉండేది తిరుపతి జిల్లాలో అయినా రైల్వే లెక్కలో దక్షిణ రైల్వే చెన్నై డివిజన్ కిందికి వస్తాది, విజయవాడ డివిజన్ మొదలయ్యేది గూడూరు నుంచి. కాబట్టి వెతకాల్సింది చెన్నై డివిజన్ వాళ్ళ ఎక్స్ (పాత ట్విట్టర్) ఖాతాలో, చెన్నై ఎడిషన్ పేపర్లలో. ముందు రోజు రాత్రి ఒకసారి చూసుకుంటే రెండు నిమిషాల పని. 2024 అక్టోబర్ 11 రాత్రి కవరపేటలో మైసూరు నుంచి దర్భంగా పోయే బాగ్‌మతి ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్లో ఉండే గూడ్సుని గుద్దినప్పుడు ఈ వైపు బండ్లన్నీ తారుమారు అయిపొయ్యాయి, అట్టాంటి రోజుల్లో అయితే ఏ యాప్‌నీ నమ్మకుండా నేరుగా బస్సుకి పోవడమే మేలు.

టికెట్ సంగతి. కౌంటర్లో తీసుకోవచ్చు, కానీ పొద్దున ఆరున్నర ఏడు మధ్య క్యూ చూస్తే మీకే అర్థమవుతాది. ఇంతకుముందు యూటీఎస్ యాప్ వాడేవాళ్ళం, 2025 జూలైలో రైల్‌వన్ అని కొత్త యాప్ వచ్చింది, అందులో రిజర్వేషన్ టికెట్లు, జనరల్ టికెట్లు, సీజన్ అన్నీ ఒకేచోట ఉంటాయి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాన్నే పెట్టుకోండి. ఇందులో కొత్తోళ్ళు పడే గుంత ఒకటి ఉంది, ఫోన్‌లో చూపించే పేపర్‌లెస్ టికెట్ తీసుకోవాలంటే మీరు స్టేషన్ బయట ఉండాల, ప్లాట్‌ఫారం మీదికి వచ్చి బండి కనపడినాక టికెట్ కొడదాం అంటే యాప్ ఒప్పుకోదు. టీసీ కనపడినప్పుడే టికెట్ కొట్టే తెలివితేటలు ఆపడానికి పెట్టిన రూల్ అది. కాబట్టి ఇంట్లో చెప్పులు వేసుకునేటప్పుడే కొట్టేయండి. మర్చిపోయి లోపలికి వచ్చేస్తే స్టేషన్లో గోడకి అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తీసుకోవచ్చు, అది అన్ని ఫోన్లలో మొదటిసారికే పని చేస్తాదని మాత్రం నేను పూచీ ఇవ్వను. చెకింగ్‌లో యాప్ తెరిచి టికెట్ చూపించాల, స్క్రీన్‌షాట్ చెల్లదు, పక్కోడు పంపిన వాట్సాప్ ఫొటో అసలు చెల్లదు. పేపర్‌లెస్ టికెట్ ఒకసారి తీసుకుంటే క్యాన్సిల్ కూడా కాదు. యాప్‌లో ఆర్ వాలెట్ అని ఒకటి ఉంటాది, దాంట్లో డబ్బులేసుకుంటే కొంచెం బోనస్ ఇస్తారు, దానికంటే పెద్ద లాభం ఏంటంటే సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు బ్యాంకు ఓటీపీ కోసం ఎదురుచూసే పని ఉండదు.

టికెట్ లేకుండా దొరికితే ఫైన్ కనీసం 250 రూపాయలు, దాని మీద టికెట్ డబ్బులు అదనం. లోకల్ టికెట్ ఎంతో తెలిసినోళ్ళు ఎవరూ ఆ రిస్కు తీసుకోరు, బస్సు టికెట్‌తో పోలిస్తే అది చిల్లర కింద లెక్క. అయితే చాలామంది తెలియక ఇరుక్కునేది వేరే చోట, లోకల్ టికెట్ చేతిలో పెట్టుకోని పినాకినీ లాంటి ఎక్స్‌ప్రెస్ వస్తే 'ఇది కూడా మద్రాసుకే కదా' అని ఎక్కేస్తారు. లోకల్ చార్జీ వేరు, ఎక్స్‌ప్రెస్ చార్జీ వేరు, సూపర్‌ఫాస్ట్ అయితే దాని మీద ఇంకో చార్జీ. ఎక్స్‌ప్రెస్ ఎక్కాలనుకుంటే టికెట్ తీసుకునేటప్పుడే బండి రకం మార్చి తీసుకోండి. అట్టాగే సబర్బన్ బండిలో ఫస్ట్ క్లాస్ పెట్టె ఒకటి ఉంటాది, బయటి నుంచి చూస్తే పెద్ద తేడా తెలియదు, ఖాళీగా ఉందే అని ఎక్కి కూర్చుంటారు, అదెందుకు ఖాళీగా ఉందో టీసీ వచ్చి చెప్తాడు.

రోజూ పోయేవాళ్ళు సీజన్ తీసుకోకుండా ఎందుకు తిరుగుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నెల సీజన్ సుమారుగా 15 సింగిల్ టికెట్ల లెక్కన ఉంటాది, నెలకి 25 రోజులు పోయి వస్తే 50 ప్రయాణాలు, అంటే మూడో వంతు కూడా పడదు. మూడు నెలలది తీసుకుంటే మూడు రెట్లు కాకుండా 2.7 రెట్లే, ఇంకొంచెం కలిసొస్తాది. కాలేజీ పిల్లలుండే వాళ్ళు ఇంకో సంగతి తెలుసుకోవాల, ఇంటి నుంచి చదువుకునే చోటికి పోయి రావడానికి ఆడపిల్లలకి డిగ్రీ దాకా, మగపిల్లలకి పన్నెండో తరగతి దాకా సెకండ్ క్లాస్ నెల సీజన్ ఫ్రీగా ఇచ్చే రూల్ ఉంది. కాలేజీ నుంచి కాగితం తెచ్చుకోని కౌంటర్లో అడగాల, అడగనోళ్ళకి ఎవరూ పిలిచి ఇవ్వరు. సీజన్ ఉంది కదా అని రిజర్వేషన్ పెట్టెలోకి ఎక్కబాకండి, ఆ ఫైన్ నేను ఒకసారి కట్టి ఉండా, మా ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఎక్కే ముందు ఇది మాత్రం చదవండి, మిగతాది వదిలేసినా పర్లేదు. సబర్బన్ బండ్లలో బాత్రూమ్ ఉండదు. రెండుంపావు గంటల ప్రయాణం, మధ్యలో లూప్‌లో ఇరవై నిమిషాలు, చక్కెర జబ్బు ఉండే పెద్దోళ్ళని, చిన్నపిల్లల్ని తీసుకెళ్ళేటప్పుడు స్టేషన్లోనే ఆ పని చూసుకోని ఎక్కించండి.  మరీ అవసరం అయితే గుమ్మిడిపూండిలో దిగి వెనక బండి ఎక్కొచ్చు, ఆడ్నించి మద్రాసు వైపు బండ్లకి కరువు లేదు కదా. పెద్దోళ్ళు మరీ ఎక్కువ వయసు అయితే లోకల్ వద్దు, టాయిలెట్ ఉండే ఎక్స్‌ప్రెస్‌లోనో లేకుంటే కారులోనో తీసుకెళ్ళండి, పది రూపాయలు మిగిలించి ఏం చేసుకుంటాం.

సీటు దొరకడం మన అదృష్టం, ఎందుకంటే బండి మన దగ్గరే మొదలవుతాది, పది నిమిషాల ముందు పోతే కిటికీ సీటే. తడలో కూడా ఖాళీలు ఉంటాయి. గుమ్మిడిపూండి దగ్గర ఫ్యాక్టరీ షిఫ్టు జనం, పొన్నేరి మీంజూరుల్లో ఆఫీసు జనం ఎక్కినాక ఇక నిలబడ్డోళ్ళు ఒకరి మీద ఒకరు. ఆడోళ్ళకి వేరే పెట్టెలు ఉంటాయి, దాంట్లో మగోళ్ళు ఎక్కితే ఫైన్. సామాన్ల గంపలు పెట్టుకునే వెండర్ పెట్టె ఉంటాది, చేపల గంపలు, ఆకుకూరల మూటలు, మల్లెపూల బుట్టలు దాంట్లోకే పోతాయి, తెల్ల చొక్కా వేసుకోని ఇంటర్వ్యూకి పోయేవాళ్ళు తలుపు పక్కన గుర్తు చూసి ఎక్కండి, నాకు తెలిసిన ఒకబ్బాయి పులికాట్ రొయ్యల వాసనతో హెచ్ఆర్ ముందు కూర్చున్నాడు, ఉద్యోగం మాత్రం వచ్చింది.

దిగడం ఎక్కడ అనేది మీరు పోయే చోటుని బట్టి ఉంటాది, అందరూ కళ్ళు మూసుకోని సెంట్రల్ దాకా పోతారు, అది ప్రతిసారీ తెలివైన పని కాదు. విమానాశ్రయానికి పోయేవాళ్ళు వింకో నగర్‌లో దిగండి. 2021 ఫిబ్రవరిలో మెట్రో నీలి లైన్‌ని వాషర్‌మన్‌పేట నుంచి వింకో నగర్ దాకా పొడిగించారు, రైల్వే స్టేషన్‌కి దగ్గర్లోనే మెట్రో స్టేషన్, ఆడ ఎక్కితే మారే పని లేకుండా నేరుగా ఎయిర్‌పోర్టులోనే దిగుతారు, అదీ లైన్ మొదలయ్యే చోటికి దగ్గరే కాబట్టి సూట్‌కేసు పెట్టుకోని సీట్లో కూర్చోని పోవచ్చు. సెంట్రల్ దాకా పోయి ఆడ మెట్రో ఎక్కితే నిలబడే పోవాల. తేనాంపేట, గిండీ, ఆలందూరు వైపు పోయే వాళ్ళకీ ఇదే లైన్.

కొరుక్కుపేట దాటినాక బేసిన్ బ్రిడ్జి ముందు బండి ఆగుతాది. ఎందుకో అడగబాకండి, నాలుగేళ్ళలో ఆగని రోజు నాకు గుర్తు లేదు. ఆఫీసు కుర్రోళ్ళు పట్టాల మీదికి దూకి నడిచి పోతా ఉంటారు, వాళ్ళని చూసి మీరు దిగబాకండి, ఆ పక్క లైన్ల మీద ఏ బండి ఎప్పుడు వస్తాదో వాళ్ళకీ తెలియదు.

మూర్ మార్కెట్‌లో దిగినాక బయటికొస్తే ఎడమా కుడీ అంతా సెంట్రల్ హడావిడే. ఈ బిల్డింగుకి ఆ పేరు ఎందుకంటే ఈడ ఒకప్పుడు మూర్ మార్కెట్ అని పెద్ద బజారు ఉండేది, పాత పుస్తకాలకి పేరు మోసింది, 1985లో కాలిపోయింది. మా నాయన ఇప్పటికీ ఆ బజారులో కొన్న పాత డిక్షనరీ చూపిస్తాడు. సరే, ఆడ్నించి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి రోడ్డుకి అవతలే, కింద సబ్‌వేలో నడిచి పోవచ్చు, రోడ్డు దాటే సాహసం అవసరం లేదు. అదే వైపు రెండు స్టేషన్లు ఉంటాయి, రెండిటి పేరూ పార్కే, కొత్తోళ్ళకి ఇక్కడే బుర్ర తిరుగుతాది. ఒకటి చెన్నై పార్క్, తాంబరం వైపు లోకల్ బండ్లు ఆడ దొరుకుతాయి. ఇంకోటి పార్క్ టౌన్, అది వేళచ్చేరి వైపు పోయే ఎత్తు మీది లైన్. టీ నగర్ బట్టల షాపులకి పోవాలంటే చెన్నై పార్క్‌లో తాంబరం బండెక్కి మాంబళంలో దిగండి, మెట్లు దిగితే రంగనాథన్ వీధిలోనే ఉంటారు. నుంగంబాకం కంటి ఆసుపత్రి వైపు పోయేవాళ్ళు కూడా అదే బండిలో నుంగంబాకంలో దిగి ఆటో. తిరువల్లిక్కేణి, మైలాపూర్, అడయారు క్యాన్సర్ ఆసుపత్రి వైపు అయితే పార్క్ టౌన్ నుంచి వేళచ్చేరి బండి, క్యాన్సర్ ఆసుపత్రికి కస్తూర్బా నగర్ స్టేషన్ దగ్గర. కోయంబేడు, వడపళని, అశోక్ నగర్‌కి సెంట్రల్ కింద మెట్రో ఆకుపచ్చ లైన్.

సూళ్ళూరుపేట టికెట్ ఈ పక్క లైన్లలో చెల్లుతాదా అని అడుగుతారు, మెట్రోకి ఎట్టాగూ వేరే టికెట్టే, లోకల్ లైన్లకి అయితే మొదట్లోనే మాంబళం దాకా అని స్టేషన్ పేరు పెట్టి తీసుకునేది మంచిది, మధ్యలో దిగి మళ్ళీ క్యూలో నిలబడే పని తప్పుతాది.

ఈ లైన్లో కొన్ని బండ్లు మూర్ మార్కెట్‌కి పోకుండా రాయపురం మీదగా చెన్నై బీచ్‌కి పోతాయి. చాలామంది ఈ బండ్లని తిట్టుకుంటారు, నాకేమో ఇవే ఇష్టం, బీచ్‌లో దిగితే రోడ్డు దాటకుండా అదే స్టేషన్లో తాంబరం బండీ వేళచ్చేరి బండీ రెండూ దొరుకుతాయి. పారిస్ కార్నర్, బర్మా బజార్ పని అయితే ఎదురుగానే. పోతా పోతా రాయపురం స్టేషన్ కూడా చూడొచ్చు, దక్షిణాదిలో మొదటి రైలు 1856 జూలై 1న బయల్దేరింది ఆడ్నించే.

ఇక తిరుగు ప్రయాణం. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా మూర్ మార్కెట్ స్టేషన్లో చీమల పుట్టే. ఆడ అందరూ చేసే తప్పు, నేనూ చేశా, పక్క ప్లాట్‌ఫారం మీద ఉండే ఆవడి, తిరువళ్ళూరు, అరక్కోణం బండెక్కడం. ఆ లైన్ బండ్లు కూడా ఇదే స్టేషన్ నుంచి పోతాయి, బేసిన్ బ్రిడ్జి దాటినాక రెండు లైన్లు విడిపోతాయి. గుర్తు ఇది, బేసిన్ బ్రిడ్జి తర్వాత కొరుక్కుపేట వస్తే మీరు మన బండిలో ఉన్నట్టు, వ్యాసర్‌పాడి జీవా అని బోర్డు కనపడితే తప్పు బండి. కంగారు పడబాకండి, వెంటనే దిగి ఎదురు బండిలో బేసిన్ బ్రిడ్జికి వెనక్కి రండి, మూర్ మార్కెట్ దాకా పోవక్కర్లేదు, మన బండి బేసిన్ బ్రిడ్జిలో కూడా ఆగుతాది.

అనౌన్స్‌మెంట్ తమిళంలో గబగబా వస్తాది, స్పీకర్ గరగరకి తమిళం వచ్చినోళ్ళకే సగం అర్థం కాదు. పక్కోణ్ణి అడగండి, 'ఇంద వండి సూళూర్‌పేట్టై పోగుమా' అంటే చాలు. ప్లాట్‌ఫారం కోసం 'గుమ్మిడిపూండి వండి ఎంద ప్లాట్‌ఫారం'. దిగేటప్పుడు జనం మధ్యలో ఇరుక్కుంటే 'కొంజం తళ్ళుంగ, ఎరంగణుం', అంటే కొంచెం జరగండి, దిగాల అని. మీంజూరు పొన్నేరి వైపు ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు బోలెడంత మంది, మీ తమిళం విని జాలిపడి వాళ్ళే తెలుగులో జవాబు చెప్తారు.

సూళ్ళూరుపేట బండి చాలాసేపు లేకపోతే మూర్ మార్కెట్‌లో కూర్చోని కాచుకోవాలా, గుమ్మిడిపూండి బండెక్కి ఆడ కాచుకోవాలా అని పెద్ద చర్చ నడుస్తా ఉంటాది మా ఊళ్ళో. నా లెక్క ఇది. వెనక సూళ్ళూరుపేట బండి ఇంకా ఉంది అని ఖాయంగా తెలిస్తే మూర్ మార్కెట్‌లోనే ఉండండి, మొదటి స్టేషన్‌లో సీటు దొరుకుతాది, గుమ్మిడిపూండిలో దిగి అదే బండి ఎక్కితే సీటు పోతాది. వెనక బండి లేదు, రద్దయింది అని తెలిస్తే మాత్రం ఆలోచించకుండా ముందు దొరికిన గుమ్మిడిపూండి బండెక్కేయండి, ఎంత దూరం ఇంటి వైపు జరిగితే అంత మంచిది. ఆడ దిగి షేర్ ఆటోలో హైవే మీదికొస్తే ఆరంబాకం, తడ వైపు బస్సులు, ఆటోలు దొరుకుతాయి. రాత్రి తొమ్మిది దాటితే అవి కూడా తగ్గిపోతాయి, అప్పుడైతే గుమ్మిడిపూండి దాకా రాకుండా మద్రాసులోనే మాధవరం బస్ టెర్మినల్‌కి పోయి నెల్లూరు బస్సెక్కండి, 2018 నుంచి ఆంధ్రా బస్సులు ఆడ్నించే బయల్దేరతాయి.

ఇది నేను అనుభవం మీద చెప్తా ఉండా. ఒకసారి మా అమ్మకి కంటి ఆపరేషన్ తర్వాత చెకప్‌కి తీసుకెళ్ళి, అన్నీ అయ్యేసరికి ఆలస్యం అయ్యి, ఆఖరి సూళ్ళూరుపేట బండి ముక్కు మీద నుంచి పోయింది. తెలివిగా గుమ్మిడిపూండి బండెక్కా. రాత్రి పదింటికి ఆడ దిగితే స్టేషన్ బయట ఒక్క ఆటో, అతను అడిగిన డబ్బులకి మద్రాసులో లాడ్జి వచ్చేది. అమ్మ నల్లద్దాలు పెట్టుకోని బెంచీ మీద కూర్చోని 'నువ్వు రోజూ ఇట్టానే తిరుగుతావా అబ్బయా' అని అడిగింది. చివరికి లారీ ఆఫీసులో పనిచేసే ఒకాయన తడకి పోతా ఉంటే కారులో ఎక్కించుకున్నాడు. కాగితం మీద టైం రాసుకునే అలవాటు ఆ రాత్రి నుంచి వచ్చిందే.

మద్రాసు నుంచి మన వైపుకి వచ్చేవాళ్ళు కూడా ఈ మధ్య ఎక్కువయ్యారు. శ్రీహరికోటలో ఇస్రో వాళ్ళ షార్‌లో రాకెట్ వదిలే రోజు అయితే బండి నిండా పిల్లలూ కెమెరాలే. వాళ్ళకి చెప్పేది ఒక్కటే, శ్రీహరికోటలో చూసే గ్యాలరీకి ముందే ఆన్‌లైన్లో పేరు రాయించుకోవాల, స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే లోపలికి పోనివ్వరు. నేలపట్టు పక్షుల కోసం వచ్చేవాళ్ళు సూళ్ళూరుపేటలో దిగి రోడ్డు మీద పోవచ్చు, దగ్గరి స్టేషన్ దొరవారిసత్రం గానీ మద్రాసు లోకల్ అంత దూరం రాదు. శ్రీసిటీ ఉద్యోగాలకి వచ్చేవాళ్ళు తడలో దిగండి, సూళ్ళూరుపేట దాకా వచ్చి వెనక్కి పోబాకండి, కంపెనీ బస్సు టైం, తడలో బండి దిగే టైం మధ్య కనీసం అరగంట ఉండేటట్టు చూసుకోండి, లూప్‌లో పెడతారు అని ముందే చెప్పా కదా.

అన్నట్టు ఎన్నూరు దాటినాక కొసస్తలై నీళ్ళ మీద బ్రిడ్జి వస్తాది, సాయంత్రం పూట అయితే తలుపు దగ్గర నిలబడకుండా కిటికీ నుంచే చూడండి, ఫోన్ బయటికి పెట్టి వీడియో తీసేవాళ్ళ ఫోన్లు ఆ నీళ్ళల్లో ఎన్ని ఉన్నాయో.